గ్రహణమొర్రి

తెలుగులో కొన్ని మాటలు జబ్బు పేరుతోబాటు దాని కారణాన్ని కూడా తమలోనే మోసుకు తిరుగుతుంటాయి. పక్షవాతం అన్నామంటే దేహంలో ఒక పక్షాన వాతం ప్రకోపించిందని నిర్ణయించేసినట్టే. అమ్మవారు పోసింది అన్నామంటే ఇక వేరే నిదానం అక్కర్లేదు. గ్రహణమొర్రి ఆ కోవలోని మాట. మొర్రి అంటే చీలిన పెదవి. అంతవరకు అందులో ఎవరి తప్పూ లేదు. దాని ముందు గ్రహణం వచ్చి చేరేసరికి మాట కాస్తా తీర్పయింది. ఆ తీర్పులో దోషి ఎప్పుడూ ఒక్కతే, కన్నతల్లి. గ్రహణం చూసిందనో, గ్రహణవేళ కత్తిపీట పట్టిందనో, కదలకుండా పడుకోవలసినది లేచి తిరిగిందనో.

ఈ విషయంలో మనం ఒంటరివాళ్ళం కాము. ఆంగ్లేయులు దీన్ని చాలాకాలం కుందేలు పెదవి అన్నారు. గర్భిణికి కుందేలు అడ్డుపడితే బిడ్డ పెదవి చీలుతుందని ఐరోపాలో పల్లెజనం నమ్మేవారు. చీనా భాషలోనూ వాడుకమాట కుందేలు పెదవే. మెక్సికోలో మాత్రం అచ్చం మనలాగే గ్రహణాన్ని తప్పుపట్టారు. రాహువు చంద్రుణ్ణి కొరికినట్టు గ్రహణం బిడ్డ పెదవిని కొరుకుతుందని వాళ్ళ ఊహ. అందుకని గర్భిణి పొట్టమీద నల్లని గాజురాతి కత్తిని ఉంచుకునేదట. సముద్రాల అవతల ఉన్నవాళ్ళకూ మనకూ ఇంత పోలిక ఎలా కుదిరిందో తెలియదు గాని, తల్లిమీదికి నెట్టడంలో మాత్రం లోకమంతా ఒకటే బంధువర్గం.

ఇక ఈ టపా రాయడానికి కారణం చెబుతాను. మా అమ్మాయి కూతురు, నా మనుమరాలు, 2023 జనవరి రెండోవారంలో మా ఇంటనే పురుడు పోసుకుని పుట్టింది. పై పెదవి ఎడమపక్కన ముక్కుపుటం దాకా చీలి ఉంది. లోపల అంగిలి కూడా కొండనాలుక వరకు రెండుగా ఉంది. ఇది రాయనా అని మా అమ్మాయిని అడిగాను. "రాయండి నాన్నా, నాకు ముందే ఎవరైనా రాసిపెట్టి ఉంటే బాగుండేది" అంది. అందుచేత కొంచెం వివరంగానే రాస్తున్నాను.

పుట్టిన మొదటిరోజే ఎదురయ్యే సమస్య అందచందాలది కాదు, పాలది. బిడ్డ పాలు చప్పరించాలంటే నోటిలో గాలి బిగపట్టాలి. అంగిలిలో సందు ఉంటే గాలి బిగియదు. బిడ్డ ఎంత లాగినా పాలు రావు, వచ్చినవి ముక్కులోంచి కారిపోతాయి. అలసి నిద్రపోతుంది, బరువు పెరగదు, బరువు పెరగకపోతే ఆపరేషను వెనక్కి పోతుంది. తల్లిపాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టమన్నారు. బిడ్డను పడుకోబెట్టకుండా నిటారుగా ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గిన్నె మూతిని బుగ్గవైపు ఆనించి, కొద్దికొద్దిగా వంచాలి. గాలి ఎక్కువ మింగుతుంది గనుక మాటిమాటికీ భుజాన వేసుకుని తేన్పించాలి. ఒక్కొక్కసారికి ముప్పావుగంట. మళ్ళీ రెండుగంటలకు ఆకలి. అటక మీదినుంచి దింపిన మా అమ్మగారి కాలపు వెండి ఉగ్గుగిన్నె, మూతి సన్నగా ఉన్నది, ఆ నాలుగు నెలలూ మా ఇంట్లో మరుగునీళ్ళకూ చేతులకూ మధ్య తిరుగుతూనే ఉంది.

పదిరోజుల తరవాత వియ్యాలవారు బిడ్డను చూడవచ్చారు. వియ్యపురాలు పెద్దమనసున్న మనిషే. మనుమరాలిని ఎత్తుకుని చాలాసేపు చూసి, మెల్లగా అడిగింది. "గ్రహణంనాడు పిల్ల బయటికి గాని వచ్చిందా అన్నయ్యగారూ?" వచ్చింది. 2022 అక్టోబరు 25, దీపావళి మర్నాడు. సాయంత్రం అయిదింటి ప్రాంతాన పట్టిన సూర్యగ్రహణం, విడవకుండానే సూర్యుడు అస్తమించాడు. పంచాంగకర్తలు గ్రస్తాస్తమయం అంటారు. పండక్కి వచ్చి ఉన్న మా అమ్మాయి మేడమీద ఆరవేసిన బట్టలు తీసుకురావడానికి వెళ్ళింది. రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలనూ అప్పుడే అందరూ వేలెత్తి చూపినట్టు, బాలింత మంచంమీదనే తలవంచుకుని "వెళ్ళానత్తయ్యా" అంది. ఆ మాట చెప్పినప్పటి దాని ముఖం నేను మరిచిపోలేను.

నేను వైద్యుణ్ణి కాను. అయితే లెక్క చెప్పగలను. గర్భంలో ముఖం ఒక్క ముద్దగా పుట్టదు. పక్కలనుంచీ పైనుంచీ కొన్ని భాగాలు విడివిడిగా పెరుగుతూ వచ్చి నడిమధ్యన కలిసి అతుక్కుంటాయి. పై పెదవిమీద, ముక్కు కింద, చిన్న గాడి ఉంటుంది చూడండి. దానికి రెండు పక్కలా ఉండే సన్నని గట్లు ఆ అతుకుల ఆనవాళ్ళే. ఈ అతుకు గర్భం నిలిచాక నాలుగు నుంచి ఏడు వారాల మధ్యలో పడుతుంది. అంగిలి మరికొంత ఆలస్యంగా, మూడో నెల నిండేలోగా మూసుకుంటుంది. ఎక్కడ అతుకు పడకపోతే అక్కడ చీలిక మిగులుతుంది. అంటే చీలడమని మనం అంటున్నది నిజానికి కలవకపోవడం. ఉన్నది ఏదీ తెగలేదు.

పంచాంగం తెచ్చి వియ్యపురాలి ముందు పెట్టాను. "చెల్లెమ్మగారూ, జనవరిలో పుట్టిన బిడ్డకు పెదవి కూడుకోవలసిన వేళ మే నెలాఖరు, జూన్ మొదటివారం. గ్రహణం పట్టింది అక్టోబరులో, ఏడో నెలలో. ఎన్నడో కట్టి పూర్తయిన గోడను అయిదు నెలల తరవాతి గాలివాన పునాదిలోనే వంకర చేసిందంటే నమ్ముతామా?" ఆవిడ కాసేపు ఆలోచించి, "లెక్క సరే అన్నయ్యగారూ, పెద్దలు ఊరికే అంటారా?" అంది. ఆ ఏడు మే 16న కూడా ఒక చంద్రగ్రహణం ఉందనీ, అది మన దేశంలో కనిపించనే లేదనీ నాకు తెలుసు. ఆ సంగతి మాత్రం ఎత్తలేదు. వాదంలో ప్రతిపక్షానికి ఆయుధాలు అందించమని తర్కశాస్త్రం ఎక్కడా చెప్పలేదు గదా!

ఆవిడ నమ్మకం ఆవిడది. కాని ఆ మర్నాటినుంచి ఉగ్గుగిన్నె తన చేతిలోకి తీసుకుని, నెలన్నరపాటు మా ఇంట్లోనే ఉండిపోయి, రాత్రిళ్ళు రెండేసి సార్లు లేచి బిడ్డకు పాలు పట్టింది ఆవిడే. గిన్నె ఎంత వంచాలో మా అందరికంటె ఆవిడకే బాగా పట్టుబడింది. మనుషులను ఒక్క మాటతో కొలవకూడదని ఇలాంటప్పుడే అనిపిస్తుంది.

అసలు కారణం ఏమిటంటారా? చాలా సందర్భాలలో ఇదీ అని ఒక్కటి చూపలేరు. వంశలక్షణాలు కొంత, గర్భిణి తొలివారాలలోని పరిస్థితులు కొంత. పొగ, అదుపులో లేని మధుమేహం, మూర్ఛకు వాడే కొన్ని మందులు అవకాశాన్ని పెంచుతాయని తేల్చారు. మేనరికమా అని మమ్మల్నీ అడిగారు, కాదు. ప్రపంచం మొత్తంమీద ఇంచుమించు 700 కాన్పులకు ఒకరు పెదవి చీలికతోనో, అంగిలి చీలికతోనో, రెంటితోనో పుడుతున్నారు. అన్ని గ్రహణాలు ఎక్కడున్నాయి!

మూడో నెలలో బిడ్డను ప్లాస్టిక్ సర్జరీ విభాగానికి తీసుకువెళ్ళాం. ఆ బోర్డు కింద సినిమా తారలు కూర్చుంటారని అనుకునేవాళ్ళు ఒక ఉదయం అక్కడి బల్లమీద గడిపి రావాలి. స్టవ్వు మంట చీరకంటుకుని, కాలిన చర్మం మానేటప్పుడు ముడుచుకుపోయి గడ్డం రొమ్ముకు అతుక్కుపోయిన ఇల్లాలు ఒకామె. నూర్పిడి యంత్రంలో చెయ్యి పడి రెండు వేళ్ళు పోయి, ఉన్న వేళ్ళు మడవడం కోసం తిరుగుతున్న రైతు. పుట్టుకతోనే రెండు వేళ్ళు కలిసి ఉన్న పసివాడు. రాత్రిళ్ళు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి నిద్ర పట్టని దర్జీ. మణికట్టు దగ్గర ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ మధ్య ఇరుకు దారిలో వెళ్ళే నరం నొక్కుకుపోవడం వల్ల అలా అవుతుందనీ, ఆ పట్టీని కోసి వదులు చేస్తే సరిపోతుందనీ ఆయనే నాకు వివరించాడు. రోగం వల్ల విద్యావంతులైనవారిని నేను చాలామందిని చూశాను. చేతి శస్త్రవైద్యమూ ఈ శాఖతో అంటుకున్నదేనని అక్కడే తెలిసింది.

అక్కడ కూర్చున్నన్నాళ్ళూ ఆ మాట గురించే ఆలోచించాను. ప్లాస్టిక్ సర్జరీలోని ప్లాస్టిక్‌కు మన ప్లాస్టిక్ సంచీతో చుట్టరికం ఒక్కటే, ఇద్దరూ ఒకే గ్రీకు ధాతువు పిల్లలు. దాని అర్థం మట్టిని మలచడం, రూపు దిద్దడం. శస్త్రవైద్యంలో ఆ మాట సంచీ కంటె చాలా పెద్దది. 1818లోనే గ్రేఫె అనే జర్మన్ వైద్యుడు ముక్కు నిర్మాణంమీద రాసిన పుస్తకానికి ఆ మాటతోనే పేరు పెట్టాడు. మట్టిని మలచడమనే అర్థం తలచుకుంటే నాకొక ముచ్చట గుర్తొస్తుంది. టిప్పు సుల్తాను యుద్ధంలో 1792లో ఆంగ్లేయుల సైన్యానికి బండి తోలే కావస్జీ అనే ఆయన పట్టుబడి, ముక్కూ ఒక చెయ్యీ పోగొట్టుకున్నాడు. ఏడాది తరవాత పుణె దగ్గర ఒకాయన అతనికి కొత్త ముక్కు చేశాడు. పలుచని మైనపు రేకును ముక్కు మొండెం మీద అమర్చి, దాన్ని విప్పి నుదుటిమీద పరిచి, గీత గీసి, ఆ మేరకు నుదుటి చర్మాన్ని కోసి, కనుబొమల మధ్య కొంచెం కాడ ఉంచి, కిందికి తిప్పి కుట్టాడు. కాడ ఉంచడం దేనికంటే రక్తం అందడానికి. 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మాగజైన్ దీన్ని అచ్చువేసింది. అది చదివిన కార్ప్యూ అనే వైద్యుడు 1814లో అక్కడ అదే పని చేసి చూపాడు. ఇంతకూ పుణె దగ్గరి ఆ శస్త్రకారుడు ఇటుకలు చేసే కులంవాడట. మట్టిని మలిచేవాడే మనిషిని మలిచాడన్నమాట. గ్రీకు మాటకు ఇంతకంటె మంచి ప్రతిపదార్థం ఏ నిఘంటువులో దొరుకుతుంది?

దీనికి మూలం సుశ్రుతంలో ఉంది. సూత్రస్థానం పదహారో అధ్యాయంలో తెగిన చెవితమ్మెలను కలిపే పద్ధతులు పదిహేను చెప్పి, ఆ తరవాత ముక్కు సంగతి చెబుతాడు. ముక్కు మేరకు ఆకును కొలతగా కత్తిరించుకొమ్మంటాడు, చెక్కిలినుంచి చర్మం తీసి అతకమంటాడు, ఊపిరికి రెండు గొట్టాలు పెట్టమంటాడు. పెదవికీ ఇదే విధానమనీ, గొట్టాలు మాత్రం అక్కర్లేదనీ ఒక్క ముక్కలో ముగిస్తాడు. చీనాలో క్రీస్తుశకం నాలుగో శతాబ్దంలో మొర్రితో పుట్టిన ఒక యువకుడికి పెదవి కుట్టి, నూరు రోజులు గంజి తాగి, నవ్వకుండా మాట్లాడకుండా ఉండమన్నారని వాళ్ళ చరిత్రలో ఉంది. ఇదంతా చెప్పడం అన్నీ మనవాళ్ళే చేసేశారని మీసం మెలివేయడానికి కాదు. మత్తుమందు లేని రోజులలో ఆ నొప్పి భరించినవాళ్ళు ఉన్నారని చెప్పడానికి. సుశ్రుతుడు తెగిన పెదవి గురించి చెప్పాడు. పుట్టుకతో కలవని పెదవి అంతకంటె చిక్కైనది.

చిక్కు ఎక్కడంటే, చీలికకు రెండు అంచులూ తెచ్చి కుట్టేస్తే చాలదు. పెదవి చుట్టూ వలయంగా ఒక కండరం ఉంటుంది. చీలిక ఉన్నచోట అది వలయం పూర్తిచేయలేక పైకి తిరిగి ముక్కు మొదట్లో పట్టుకుని ఉంటుంది. దాన్ని అక్కడినుంచి విడదీసి, సరైన దిక్కుకు తిప్పి, అవతలి సగంతో కలపాలి. చర్మంలో ఒకపక్క భాగాన్ని కిందికి తిప్పి, ఆ ఖాళీలోకి రెండోపక్క భాగాన్ని జరిపి కుట్టే పద్ధతిని మిలార్డ్ అనే అమెరికన్ వైద్యుడు 1955లో స్టాక్‌హోంలో జరిగిన సభలో వివరించాడట. దానిమీద ఎన్నో సవరణలు వచ్చినా నేటికీ చాలామంది దాని వంశంలోనివారే. కుట్టు మచ్చ ఆ గట్టు గీతలోనే పడేట్టు చేయడం దానిలోని నేర్పు. ఛందస్సు తెలిసినవాడు యతిస్థానంలోనే పదాన్ని విరిచినట్టు.

పది వారాల వయసు, పది పౌన్ల బరువు, పది గ్రాముల హిమోగ్లోబిన్ అని వైద్యులకొక పాత సూత్రం ఉంది. మా పిల్లకు నాలుగో నెల నిండాక, మే నెలలో పెదవి ఆపరేషను చేశారు. నోట్లో వేళ్ళు పెట్టుకోకుండా మోచేతులకు చిన్న దబ్బలు కట్టి పంపారు. నెలరోజులకు వాపు తగ్గాక చూస్తే పెదవి కుదురుగా ఉంది. చూడవచ్చిన చుట్టాలందరూ సంతోషించారు. ఫోటోలు తీశారు. కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నారు.

నేను అనుకోలేదు. అందుకు కారణం ఒక విద్యార్థి.

1990ల నడుమ నేను పనిచేసిన ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. పేరు చెప్పను. పై పెదవిమీద సన్నని మచ్చ, అంతే. చూడడానికి బాగానే ఉండేవాడు. హాజరు పిలిస్తే అందరూ పలికేవారు, వాడు చెయ్యెత్తేవాడు. ఆ చెయ్యే వాడి పలుకుగా నేను పట్టీలో రాసుకునేవాణ్ణి. పద్యాలన్నీ వాడికి కంఠతా వచ్చు. పరీక్షకాగితంలో గణం తప్పకుండా, అరసున్నతో సహా రాసేవాడు. నోటితో మాత్రం ఒక్క పాదం చెప్పేవాడు కాదు. ఒకరోజు బడి విడిచాక నా దగ్గర ఒంటరిగా ఒక పద్యం చదివాడు. ప్రాసాక్షరం తప్ప మిగిలిన హల్లులు చాలావరకు ముక్కులోకి వెళ్ళిపోయాయి. ఆ పద్యానికి ప్రాస నకారం. అది మాత్రం నాలుగు పాదాలలోనూ స్పష్టంగా వినిపించింది.

వాళ్ళ నాన్నను పిలిపించి మాట్లాడాను. "చిన్నప్పుడే కుట్టించాం గదండీ, మూతి బాగానే ఉంది గదా" అన్నాడాయన. అబద్ధం కాదు. మూతి బాగానే ఉంది. లోపల అంగిలి తెరుచుకునే ఉంది. దానికి మరో ఆపరేషను కావాలనీ, అది మాటలు రాకముందే కావాలనీ వాళ్ళకు ఎవరూ చెప్పలేదో, చెప్పినా కూలి మానుకుని మళ్ళీ పట్నం వెళ్ళలేకపోయారో. తరవాత పెద్దాసుపత్రిలో చూపిస్తే, ఇప్పుడు మూసినా నాలుకకు, గొంతుకు పడిన అలవాట్లు తొందరగా పోవన్నారట. కొన్నేళ్ళకు పెళ్ళి శుభలేఖ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. వెంట వచ్చిన స్నేహితుడే పిలుపు చెప్పాడు. వాడు నా కాళ్ళకు దండం పెట్టి, నవ్వి, వెళ్ళాడు.

కనుక మా ఇంట్లో రెండో ఆపరేషను మాట వచ్చి, "బంగారంలా ఉంది, పసిదాన్ని మళ్ళీ కోయించడమెందుకు" అని రెండువైపుల పెద్దలూ అన్నప్పుడు నేను ఈ పిల్లవాడి సంగతి చెప్పాను. అల్లుడు ఏమీ అనలేదు. మా అమ్మాయి అంది, "పెదవి మనం చూసుకోవడానికి. అంగిలి అది మాట్లాడుకోవడానికి." దానిమీద ఇక చర్చ జరగలేదు.

నలభై ఏళ్ళుగా నేను వర్ణోత్పత్తి పాఠం చెప్పినవాణ్ణి. పవర్గం ఓష్ఠ్యం, తవర్గం దంత్యం, ఇకారం తాలవ్యం, వర్గాల చివరి అక్షరాలు అనునాసికాలు. నల్లబల్లమీద అయిదు వరుసలు, అయిదు నిలువులు. ఆ పట్టికలో నాలుగు నిలువులకూ అయిదో నిలువుకూ మధ్యన ఒక తలుపు ఉందని మనుమరాలు పుట్టాకే నాకు అనుభవానికొచ్చింది. ఆ తలుపు మెత్తని అంగిలి, కొండనాలుక వేలాడే భాగం. ప, బ అనేటప్పుడు అది లేచి వెనక గోడకు ఆనుకుని ముక్కుదారి మూస్తుంది. గాలి నోట్లోనే బిగిసి, పెదవులు విడిచిన క్షణాన పేలుతుంది. మ అనేటప్పుడు తలుపు తెరుచుకుని ఉంటుంది. పెదవులు చేసే పని మూడింటికీ ఒకటే. తలుపే లేనివాళ్ళకు? బకారం మకారమవుతుంది, దకారం నకారమవుతుంది, డకారం ణకారమవుతుంది. పరుషాలు బిగువు చాలక ముక్కులో గాలిగా పోతాయి, లేకపోతే గొంతులోనే చిన్న నొక్కుగా తెగిపోతాయి. శ, ష, స లు బుస్సుమంటాయి. చిన్నయసూరిగారు పరుషాలనూ సరళాలనూ విడిగా పేరుపెట్టి ఎందుకు చూడమన్నారో నాకు తెలిసినంతవరకు సంధికార్యం కోసం. నాకిప్పుడు వాటి విలువ మరోలా కనిపిస్తోంది.

పదో నెలలో పిల్ల ముద్దుపలుకులు మొదలుపెట్టింది. అమ్మ వచ్చింది. నాన్న వచ్చింది. రెండూ అనునాసికాలే గదా, తలుపుతో పని లేదు. నన్ను చూసినా "న్నన్నా" అనే పిలిచేది. తాత అనే మాటలో రెండూ పరుషాలే. అల్లుడు నవ్వుతూ "మామయ్యగారూ, మీకూ నాకూ ఒకటే పదవి" అనేవాడు.

ఆ డిసెంబరులో, పదకొండో నెల వెళ్ళేముందు, అంగిలి ఆపరేషను జరిగింది. ఇది పెదవికంటె కష్టమైనది. రక్తం, ఊపిరి, పాలు అన్నీ ఆ ఒక్క దారిలోనే. రెండుపక్కలా పొరను లేపి మధ్యకు జరిపి కుట్టడం ఒక ఎత్తు. మెత్తని అంగిలిలో పక్కలకు అంటుకుపోయిన కండరాలను విడదీసి అడ్డంగా కలిపి, ఆ తలుపు కదిలేట్టు చేయడం మరో ఎత్తు. మూసినంత మాత్రాన చాలదు, కదలాలి. మూడు రోజులు ఏడ్చింది. మేమూ సరిగా తిన్నది లేదు. వియ్యపురాలు మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఉగ్గుగిన్నె. చెవులు కూడా పరీక్షించారు. అంగిలి చీలిక ఉన్న పిల్లలకు చెవి లోపల నీరు నిలిచి వినికిడి మందగించడం ఎక్కువట. వినపడని పిల్లకు మాట ఎలా వస్తుంది? చాలామంది ఈ సంగతి పట్టించుకోరు గనుక ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఆ తరవాత స్పీచ్ థెరపీ. ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో, నా ప్రాక్తన విద్యార్థుల కంటె చిన్నది. పిల్ల ముక్కు కింద చిన్న అద్దం పెట్టి "పా" అనిపించేది. అద్దం మసకబారితే గాలి ముక్కులోంచి పోతోందన్నమాట. ఇంత చిన్న పరికరంతో అనునాసికాన్ని కంటికి చూపవచ్చునని తెలిస్తే నేను నా తరగతిలో ఎప్పుడో చూపేవాణ్ణి. బూరలు ఊదిస్తే, సబ్బుబుడగలు ఊదిస్తే మాట బాగవుతుందని ఇరుగుపొరుగులు చెప్పారు. ఊదడం వేరు, పలకడం వేరు, మాటను మాటతోనే నేర్పాలని ఆ అమ్మాయి చెప్పింది. రోజూ పదేసి నిమిషాలు, ఆటలో కలిపి. విసుగొచ్చిన క్షణాన ఆపేయాలి. బోధనాభ్యసన శిక్షణలో మాకు ఎన్నో చెప్పారు గాని ఈ చివరి సూత్రం చెప్పలేదు.

మొదట్లో "తాత" బదులు గొంతులో నొక్కుతో "ఆ-ఆ" వచ్చేది. ఏడాదీ తొమ్మిది నెలలప్పుడు ఒక మధ్యాహ్నం భోజనం దగ్గర తకారం వచ్చింది. అందరం విన్నాం. ఎవరమూ ఏమీ అనకుండా అన్నం తింటున్నట్టు నటించాం. మెచ్చుకుంటే మానేస్తుందని భయం. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

ఇంకా చాలా ఉంది. క, గ లు ఇప్పటికీ వెనక్కి జారుతున్నాయి, సకారంలో గాలి కారుతోంది. నాలుగైదేళ్ళ వయసుకు మాట ఎలా స్థిరపడిందో చూసి, తలుపు చాలినంతగా మూసుకోవడం లేదంటే మరో చిన్న ఆపరేషను అవసరం కావచ్చునన్నారు. ఎనిమిది నుంచి పదకొండేళ్ళ మధ్య, కోరపన్ను దిగే సమయం చూసుకుని, తుంటి ఎముక నుంచి కొంచెం తీసి పై చిగురులోని ఖాళీలో నింపుతారు. పళ్ళ వరుస సరిచేయడం, ఎదుగుదల ఆగాక ముక్కు దిద్దడం ఆ పైన. పద్దెనిమిదేళ్ళ ప్రయాణమని మొదటిరోజే చెప్పారు.

ఖర్చు గురించి అడిగేవారుంటారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలలో ఈ శస్త్రచికిత్సలున్నాయి. స్మైల్ ట్రైన్ అనే సంస్థ ఎన్నో ఆసుపత్రుల ద్వారా ఉచితంగా చేయిస్తోంది. 2009లో ఆస్కార్ పొందిన స్మైల్ పింకీ అనే చిన్న చిత్రం అలా బాగుపడిన ఒక ఉత్తరప్రదేశ్ పల్లెపిల్ల కథే. ఆ పిల్లకు శస్త్రచికిత్స జరిగింది కాశీలో. సుశ్రుతుడి గురువు దివోదాసుడు ఏలిన ఊరు. 2013నుంచి కేంద్రప్రభుత్వపు బాలస్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకూ బడులకూ వచ్చే వైద్యబృందాలు చూడవలసిన లోపాలలో ఇదీ ఒకటి. ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. ఆ బృందం వచ్చిన రోజున, పెదవిమీద కుట్టు మచ్చ ఉండి తరగతిలో నోరు విప్పని పిల్లలుంటే, వాళ్ళ చేత నోరు తెరిపించి లోపలికి కూడా చూడమని చెప్పండి. మచ్చ లేకపోయినా సరే. అంగిలి ఒక్కటే చీలి ఉన్నవాళ్ళకు ముఖంమీద ఏ గుర్తూ ఉండదు.

చివరగా చదువరులకు ఒక పని పెడుతున్నాను. మా పిల్ల అభ్యాసానికి అనునాసికం ఒక్కటైనా లేని మాటలు కావాలి. న, ణ, మ ఉండకూడదు, సున్నా ఉండకూడదు. ఆ వయసు పిల్లకు తెలిసిన వస్తువు అయివుండాలి. ఇదేమంత పని అనుకుని కూర్చున్నాను గాని, డుమువుల భాష మనది, ప్రథమా విభక్తిలోనే మువర్ణం కూర్చుని ఉంది. అన్నం లేదు, చందమామ లేదు, ఏనుగు లేదు, బొమ్మ లేదు. ఇప్పటివరకు నా జాబితాలో ఉన్నవి ఇవి: కాకి, పాప, పీట, పిట్ట, కోతి, చెట్టు, బుట్ట, తాటాకు, కొబ్బరి, దీపాలు, గాజు, జడ, చాప, సబ్బు, గోడ, రోజా, బాతు, తోక. వర్ణనలు వద్దు, వస్తువులే కావాలి. గ, క లతో మొదలయ్యేవి మరికొన్ని దొరికితే మేలు. మీకు తట్టినవి కింద వ్యాఖ్యల్లో రాయండి. వచ్చే వారం థెరపీకి వెళ్ళేలోగా కాగితంమీద ఎక్కించుకుంటాను.